తోమా మన దేశానికి వచ్చాడా? తరచుగా అడిగే ప్రశ్నలు

జూలైలో తోమా పండుగ దగ్గర పడినా, ఆయన సమాధి ఉందని చెప్పే చెన్నైకి మా సంఘం పిల్లలతో ట్రిప్ అనుకున్నా, యేసు పన్నెండుమంది శిష్యుల్లో ఒకడైన ఈ తోమా గురించి నాకు అవే ప్రశ్నలు మళ్లీ వస్తాయి. పిల్లలు అడుగుతారు, వాళ్ల అమ్మానాన్నలు అడుగుతారు, అప్పుడప్పుడు పక్క సంఘం పెద్దలూ ఫోన్ చేసి అడుగుతారు. అందుకే జవాబులన్నీ ఒకచోట రాసి పెట్టాను. ఏ ప్రశ్న కావాలంటే దాని దగ్గరికి నేరుగా వెళ్లిపోండి. ప్రతి విషయం ఎక్కడి నుంచి వచ్చిందో, అంటే బైబిల్లో ఉందా, పాత గ్రంథంలో ఉందా, పాటలో ఉందా, రాతి మీద ఉందా అన్నది వీలైనంత వరకు చెప్పాను. తోమా కథలో చరిత్ర, పురాణం, సంప్రదాయం మూడూ కలిసిపోయి ఉన్నాయి. వాటిని విడదీసి చూస్తే ఆయన మీద గౌరవం తగ్గదు. నాకైతే పెరిగింది.

## మొదట, బైబిల్లో ఉన్న తోమా

బైబిల్లో తోమా గురించి అసలు ఎంత ఉంది?

చాలా తక్కువ. మత్తయి, మార్కు, లూకా సువార్తల్లోనూ, అపొస్తలుల కార్యముల్లోనూ పన్నెండుమంది జాబితాలో పేరు కనిపిస్తుంది, అంతే. ఆయన నోరు విప్పి మాట్లాడేది యోహాను సువార్తలోనే. లాజరు చనిపోయాడని తెలిసినప్పుడు (11వ అధ్యాయం), చివరి రాత్రి భోజనం దగ్గర (14), పునరుత్థానం తర్వాత (20). 21వ అధ్యాయంలో తిబెరియ సముద్రం దగ్గర చేపలకు వెళ్లిన ఏడుగురిలో కూడా ఉన్నాడు గానీ అక్కడ ఏమీ మాట్లాడలేదు. ఇండియా అన్న మాట తోమా పేరుతో కలిసి బైబిల్లో ఎక్కడా రాదు.

దిదుమ అంటే ఇంటిపేరా?

కాదు. అరామిక్ భాషలో తోమా అంటే కవల. గ్రీకులో కవలను దిదుమొస్ అంటారు. "దిదుమ అనబడిన తోమా" అన్నప్పుడు యోహాను ఒకే మాటను రెండు భాషల్లో చెబుతున్నాడు. మనం "కవలడు" అని పిలిచినట్టే. ఎవరికి కవలో సువార్త చెప్పలేదు. సిరియా వైపు సంప్రదాయంలో ఆయన్ని యూదా తోమా అని పిలిచేవాళ్లు.

"అవిశ్వాసి తోమా" అనడం న్యాయమేనా?

నా మనసుకు ఇది న్యాయం అనిపించదు. యోహాను 20వ అధ్యాయాన్ని వరసగా చదవండి. మొదటి ఆదివారం సాయంత్రం యేసు శిష్యుల మధ్యకు వచ్చి తన చేతులు, ప్రక్క చూపించాడు. అది చూశాకే వాళ్లు సంతోషించారు. ఆ రోజు తోమా అక్కడ లేడు. తర్వాత ఆయన అడిగింది మిగతా పదిమందికి అడక్కుండానే దొరికిన దాన్నే. ఎక్కువేమీ అడగలేదు.

దీనికి ముందు, యూదయకు తిరిగి వెళ్తే రాళ్లతో కొడతారని అందరూ భయపడుతున్నప్పుడు, ఆయనతో పాటు చనిపోవడానికి మనమూ వెళ్దాం అన్నది కూడా ఈ తోమానే. భోజనం దగ్గర, నువ్వు ఎక్కడికి వెళ్తున్నావో మాకు తెలియదు, దారి ఎలా తెలుస్తుంది అని అడిగిందీ ఆయనే. ఆ ప్రశ్న అడగబట్టే "నేనే మార్గమును, సత్యమును, జీవమును" అన్న జవాబు మనకు దొరికింది. అర్థం కానప్పుడు అర్థమైనట్టు తల ఊపే మనిషి కాదు తోమా. సండే స్కూల్లో ఎక్కువ ప్రశ్నలు వేసే పిల్లల్ని దయచేసి ఆయన పేరు పెట్టి దెప్పకండి.

గాయంలో వేలు పెట్టాడా, లేదా?

పెట్టినట్టు సువార్తలో లేదు. పెట్టి చూడమని యేసు అన్నాడు. వెంటనే తోమా "నా ప్రభువా, నా దేవా" అన్నాడు. మధ్యలో ముట్టుకున్నాడన్న వాక్యం లేదు. మన మనసులో ఉన్న బొమ్మ చిత్రకారులు వేసింది. ముఖ్యంగా 1600 ప్రాంతంలో ఇటలీ చిత్రకారుడు కారవాజ్జో వేసిన దాంట్లో తోమా వేలు నేరుగా గాయంలోకి దిగి ఉంటుంది. ఒకసారి చూస్తే మరిచిపోలేం, అందుకే అదే బైబిల్ అనుకుంటాం.

## ప్రయాణం: పాత గ్రంథం చెప్పే కథ

బైబిల్లో లేనప్పుడు ఇండియా కథ ఎక్కడ మొదలైంది?

"తోమా కార్యములు" అనే గ్రంథంలో. 3వ శతాబ్దం తొలి భాగంలో సిరియాక్ భాషలో, ఎదెస్సా ప్రాంతంలో రాశారని పండితుల అభిప్రాయం. ఎదెస్సా అంటే ఇప్పుడు టర్కీలో ఉన్న ఉర్ఫా. ఏ సంఘమూ దీన్ని బైబిల్లో చేర్చలేదు. తోమా కాలానికి దాదాపు 150 ఏళ్ల తర్వాతి రచన కాబట్టి ప్రతి మాటా జరిగిందని తీసుకోలేం. అలాగని కొట్టిపారేయలేం కూడా.

కథ ఇలా మొదలవుతుంది. శిష్యులు లోకాన్ని పంచుకోవడానికి చీట్లు వేశారు, తోమాకి ఇండియా వచ్చింది. నేను వెళ్లను, నేను హెబ్రీయుణ్ణి, ఆ జనంతో ఎలా మాట్లాడతాను అన్నాడు. అప్పుడు హబ్బాన్ అనే వర్తకుడు ఒక రాజుగారి కోసం వడ్రంగిని వెతుకుతూ వచ్చాడు. యేసు ప్రత్యక్షమై తోమాను అతనికి దాసుడిగా అమ్మేశాడు, పత్రం కూడా రాసిచ్చాడు. "ఈయన నీ యజమానా?" అని హబ్బాన్ అడిగితే తోమా కాదనలేకపోయాడు.

ఇదే కాలంలో ఇంకో మాట కూడా నడిచేది. 3వ శతాబ్దపు క్రైస్తవ పండితుడు ఒరిజెన్‌ను అనుసరించి చరిత్రకారుడు యూసేబియస్ రాసినదాని ప్రకారం తోమా వంతుకి వచ్చింది పార్థియా, అంటే ఇరాన్ ప్రాంతపు పాత రాజ్యం.

రాజుగారి మేడ కథ ఏంటి? పిల్లలకి చెప్పొచ్చా?

తప్పకుండా చెప్పండి, కథ అని చెప్పి చెప్పండి. గోండోఫారెస్ రాజు మేడ కట్టమని తోమా చేతికి బోలెడు డబ్బిచ్చాడు. తోమా కొలతలు గీసి చూపించాడు, డబ్బు తీసుకున్నాడు, ఊళ్లలో తిరిగి బీదలకు, రోగులకు పంచేశాడు. పని ఎంతవరకు వచ్చిందని రాజు కబురు పెడితే, గోడలు లేచాయి, పైకప్పు మిగిలింది అని చెప్పి ఇంకా డబ్బు తెప్పించుకున్నాడు. రాజు వచ్చి చూస్తే అక్కడ రాయి కూడా లేదు. కోపంతో జైల్లో వేశాడు. ఆ రాత్రి రాజు తమ్ముడు గాద్ చనిపోయాడు. పరలోకంలో దేవదూతలు అతనికి ఒక అద్భుతమైన మేడ చూపించి, ఇది నీ అన్నకోసం తోమా కట్టిందే అన్నారు. గాద్ తిరిగి బతికి వచ్చి, ఆ మేడ నాకు అమ్ము అని అన్నను అడిగాడు.

మా పిల్లల్లో ఒక పాప ఈ కథ విని, "మరి పైకప్పు మిగిలిందని అబద్ధం చెప్పాడు కదా టీచర్" అంది. మంచి ప్రశ్న. కథ రాసినవాడి ఉద్దేశంలో అది అబద్ధం కాదు, పైన మేడ నిజంగానే లేస్తోంది. కానీ ఆ పాప అడగడం నాకు మేడకన్నా ఎక్కువ నచ్చింది. చర్చిల బొమ్మల్లో తోమా చేతిలో కొలబద్ద ఉండటానికి కారణం ఈ కథే.

గోండోఫారెస్ అనే రాజు నిజంగా ఉన్నాడా?

ఉన్నాడు. ఈ మొత్తం కథలో నన్ను ఎక్కువగా ఆపేసేది ఇదే. వందల ఏళ్లపాటు ఆ పేరు తోమా కథలో తప్ప ఏ చరిత్రలోనూ లేదు. కల్పించిన రాజే అనుకున్నారు. 1830ల నుంచి కాబూల్, పంజాబ్ ప్రాంతాల్లో అతని నాణేలు బయటపడ్డాయి. గుర్రం మీద కూర్చున్న రాజు, చుట్టూ గ్రీకు అక్షరాలు, వెనకవైపు ఖరోష్ఠి లిపి. పెషావర్‌కి ఈశాన్యంగా తఖ్త్-ఇ-బాహి దగ్గర దొరికిన శాసనంలో అతని 26వ పాలనా సంవత్సరం, ఒక శకంలో 103వ సంవత్సరం అని ఉంది. దాన్ని చాలామంది క్రీ.శ. 46గా లెక్క కట్టారు. ఆ శాసనం ఇప్పుడు లాహోర్ మ్యూజియంలో ఉంది.

ఇది తోమా అక్కడికి వచ్చాడని రుజువు చేయదు. ఎదెస్సాలో కూర్చుని రాసిన మనిషికి, ఎప్పుడో పోయిన ఒక ఇండో-పార్థియన్ రాజు పేరు సరైన కాలంలో తెలుసు అన్నదాన్ని మాత్రం రుజువు చేస్తుంది. ఆ పేరు వర్తకుల నోటినుంచి వచ్చి ఉండొచ్చు, అసలు జ్ఞాపకం నుంచీ వచ్చి ఉండొచ్చు.

అంద్రపొలిస్ అంటే ఆంధ్రానే కదా?

ఈ మాట మనవాళ్లకు చాలా ఇష్టం, నాకూ నిజమైతే బాగుండు అనిపించేది. తోమా కార్యముల గ్రీకు ప్రతిలో ఓడ మొదట ఆగిన ఊరు పేరు అంద్రపొలిస్. అక్కడ రాజకుమార్తె పెళ్లి జరుగుతుంటుంది, పిల్లనగ్రోవి వాయించే హెబ్రీ అమ్మాయి తోమా పాటను గుర్తుపడుతుంది. పేరులో పోలిక చూసి కొందరు దాన్ని ఆంధ్రకు ముడిపెట్టారు. కానీ సిరియాక్ ప్రతిలో అదే ఊరు సందరూక్ అని ఉంది. గ్రీకులో అంద్ర అనేది మనుషులు అనే మాటకు దగ్గరగా ఉంటుంది, పొలిస్ అంటే పట్నం. ఒక్క పేరు పోలిక మీద తోమాను మన తీరానికి తేలేం. పిల్లలకు ఇది నిజమని చెప్పకండి.

ఆ రోజుల్లో అంత దూరం ఓడలో రాగలిగేవాళ్లా?

సునాయాసంగా. 1వ శతాబ్దంలో ఎర్ర సముద్రం నుంచి మన పడమటి తీరానికి నైరుతి గాలుల మీద ఓడలు వచ్చేవి. ఈజిప్టు తీరంలోని ఒక్క మ్యోస్ హోర్మోస్ రేవు నుంచే ఏటా 120 ఓడలు ఇండియాకు బయల్దేరేవని ఆ కాలపు గ్రీకు రచయిత స్ట్రాబో రాశాడు. ఎర్ర సముద్రం చివరి రేవు ఓకెలిస్ నుంచి కేరళ రేవు ముజిరిస్‌కు గాలి బాగుంటే 40 రోజులు అని రోమన్ రచయిత ప్లినీ లెక్క. మిరియాల కోసం రోమ్ బంగారం, వెండి ఇక్కడికి వచ్చి పడేది. కేరళలో పట్టణం అనే ఊళ్లో 2007 నుంచి జరిగిన తవ్వకాల్లో మధ్యధరా ప్రాంతపు మట్టి కూజాల పెంకులు దొరికాయి. మన నల్గొండ వైపు కూడా రోమన్ వెండి నాణేలు కుండలతో బయటపడ్డాయి. ఒక యూదుడు ఆ కాలంలో ఇక్కడికి రావడం అసాధ్యమేమీ కాదు. రాగలిగాడు అన్నది చరిత్ర, వచ్చాడు అన్నది సంప్రదాయం.

## కేరళలో

క్రీ.శ. 52లో దిగాడని అంత ఖచ్చితంగా ఎలా చెబుతారు?

కేరళ నస్రాణీ క్రైస్తవుల సంప్రదాయం అలా చెబుతుంది. కొడుంగల్లూరు దగ్గర మాల్యంకరలో దిగాడని వాళ్ల నమ్మకం. తరతరాలుగా పాటల్లో, మార్గంకళి ఆటలో నిలిచిన జ్ఞాపకం అది. వాటిలో పేరున్న రంబాన్ పాట్టు మీద 1601 అన్న తేదీ ఉంది. పాట అంతకన్నా పాతదాన్ని అనుసరించిందని వాళ్లంటారు. అంటే 52 అన్న సంఖ్యకు ఆ కాలపు రాత ఆధారం లేదు. "సంప్రదాయం ప్రకారం క్రీ.శ. 52" అని రాస్తే ఎవరికీ అభ్యంతరం ఉండదు.

ఏడు చర్చిలు ఏవి? కొందరు ఏడున్నర అంటారేంటి?

కొడుంగల్లూరు, పాలయూరు, కొట్టకావు (పరవూరు), కొక్కమంగలం, నిరణం, నిలక్కల్, కొల్లం. ఎనిమిదోది తిరువిదాంకోడు. అది ఇప్పుడు తమిళనాడులోని కన్యాకుమారి జిల్లాలో ఉంది. దాన్ని అరపళ్లి (సగం చర్చి) అంటారు, అందుకే ఏడున్నర. ఇప్పుడు అక్కడ కనిపించే కట్టడాలేవీ 1వ శతాబ్దానివి కావు.

పాలయూరులో నీళ్లు గాలిలో నిలిచిపోయాయంట, నిజమా?

అది పురాణ కథ. కోనేట్లో దోసిళ్లతో నీళ్లు పైకి చల్లుతూ తర్పణం చేస్తున్న బ్రాహ్మణుల్ని చూసి, మీ అర్పణ దేవుడు తీసుకుంటే ఆ నీళ్లు కింద పడకూడదు కదా అని తోమా అన్నాడట. తను చల్లితే నీళ్లు గాలిలోనే ఆగిపోయాయని, అది చూసి చాలామంది బాప్తిస్మం తీసుకున్నారని చెబుతారు. పకలోమట్టం, శంకరపురి, కల్లి, కాళియాంకల్ కుటుంబాలు తమ పూర్వీకుల్ని ఆనాటి విశ్వాసులతోనే కలిపి చెప్పుకుంటాయి. 1వ శతాబ్దంలో కేరళలో నంబూద్రి గ్రామాలు ఉన్నాయా అన్నదానిమీద చరిత్రకారులకు గట్టి సందేహం ఉంది. ఇది ఇతరుల పూజను చిన్నబుచ్చేలా కాకుండా చెప్పడం కష్టం. అందుకని నేను పిల్లలకు ఈ కథ చెప్పను, అడిగితే దాచను.

కేరళలో క్రైస్తవులున్నారని చెప్పే గట్టి ఆధారం ఎప్పటిది?

6వ శతాబ్దంలో కోస్మస్ అనే యాత్రికుడు, మిరియాలు పండే మలె దేశంలో క్రైస్తవ సంఘం ఉందని, కల్లియానాలో పర్షియా నుంచి నియమించిన బిషప్ ఉన్నాడని రాశాడు. ఆ తర్వాత గట్టిది 849 నాటి కొల్లం రాగి శాసనం. వేణాడు పాలకుడు అయ్యన్ అడిగళ్ మార్ సపీర్ ఈశో కట్టించిన తరిసాపళ్లి చర్చికి భూమి, పన్నుల హక్కులు ఇచ్చాడు. సాక్షుల సంతకాలు కూఫీ అరబ్బీలో, పహ్లవీ అనే పాత పారశీకంలో, హీబ్రూ లిపిలో ఉన్నాయి. ముస్లింలు, పారశీకులు, యూదులు ఒక చర్చి దానపత్రం మీద సాక్షులుగా నిలిచారు. ఆ రేకు గురించి చదివినప్పుడల్లా ఆ రేవు ఎంత సందడిగా ఉండేదో అనిపిస్తుంది.

## మైలాపూరులో

తోమా ఎలా చనిపోయాడు? ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారేంటి?

కేరళ నుంచి ఇప్పటి చెన్నైలోని మైలాపూరుకు వచ్చి అక్కడే చనిపోయాడని సంప్రదాయం. ఎలా చనిపోయాడన్నదానికి కథలే మూడు ఉన్నాయి. పాతదైన తోమా కార్యముల్లో మజ్దాయి రాజు ఆజ్ఞ మీద నలుగురు సైనికులు కొండమీద ఈటెలతో పొడిచారు. 13వ శతాబ్దం చివర మార్కో పోలో విన్నదాంట్లో అసలు హత్యే లేదు. తోమా అడవిలో ప్రార్థన చేసుకుంటుంటే చుట్టూ నెమళ్లు తిరుగుతున్నాయి, నెమలిని కొట్టబోయిన వేటగాడి బాణం తెలియక ఆయనకు తగిలింది. పోర్చుగీసువాళ్ల కాలం తర్వాత బలపడిన కథలో పూజారులు చంపించారు.

మనవాళ్లు ఎక్కువగా చెప్పేది మూడోదే, ఆధారం తక్కువైనదీ అదే. ఎవరు చంపారో తెలియని ఒక మరణాన్ని పట్టుకుని ఈ రోజు బతికున్న ఒక కులం వాళ్ల మీద నిందలా చెప్పడం తప్పు. తెలిసి అలా చెప్పొద్దని చేతులెత్తి అడుగుతున్నాను. క్రీ.శ. 72 అన్న సంవత్సరం కూడా సంప్రదాయమే.

మార్కో పోలో నిజంగా తోమా సమాధి గురించి రాశాడా?

రాశాడు. ఒక చిన్న ఊళ్లో సమాధి ఉందని, వర్తకం లేని చోటు కాబట్టి వర్తకులు పెద్దగా రారని, క్రైస్తవులతో పాటు ముస్లింలు కూడా యాత్రకు వస్తారని చెప్పాడు. తోమా చనిపోయిన చోటి ఎర్రమట్టి తీసుకెళ్లి జ్వరం వచ్చినవాళ్లకు తాగిస్తారని కూడా ఉంది.

మన తెలుగువాళ్లకు ఇందులో ఇంకో ఆనందం ఉంది. అదే తీరం వెంబడి మార్కో పోలో చెప్పిన ముత్ఫిలి రాజ్యం మన మోటుపల్లి. అక్కడ న్యాయంగా పాలించే రాణి ఉందని, సాలెగూడులాంటి సన్నని బట్ట నేస్తారని మెచ్చుకున్నాడు. ఆ రాణి రుద్రమదేవే. రాజు భార్య అని పొరబడ్డాడు గానీ ఆమె గణపతిదేవుడి కూతురు. తోమా సమాధి గురించి, కాకతీయ రాణి గురించి ఒకే యాత్రికుడు వరసగా రాయడం ఎంత బాగుందో చూడండి.

సముద్రంలో దుంగ కథ ఏంటి?

ఒడ్డుకు కొట్టుకొచ్చిన పెద్ద దుంగను రాజుగారి ఏనుగులు కూడా కదిలించలేకపోతే, తోమా తన నడికట్టు దానికి కట్టి లాగేశాడని మైలాపూరు కథ. ఆ దుంగతోనే చర్చి కట్టాడట.

రక్తం కార్చిన సిలువ అంటారు, అది ఏది?

పరంగిమలై, అంటే సెయింట్ థామస్ మౌంట్ మీది చర్చిలో బలిపీఠం దగ్గర గోడలో ఉన్న రాతి సిలువ. 1547లో పునాది తవ్వుతుంటే దొరికింది. 1558 డిసెంబర్ 18న పూజ జరుగుతుండగా అందరి ముందూ చెమర్చిందని, 1704 వరకు అప్పుడప్పుడు అలా జరిగిందని చర్చి రికార్డులు చెబుతాయి.

ఆ రాయిని కాస్త ఆగి చూడండి. చివరలు పూలలా విచ్చుకున్న సిలువ, పైనుంచి తల కిందికి పెట్టి దిగుతున్న పావురం, చుట్టూ కమాను. ఆ కమాను అంచు వెంబడి సన్నగా చెక్కిన అక్షరాలు. సిలువ మీద యేసు శరీరం ఉండదు. ఆ అక్షరాలను పోర్చుగీసువాళ్ల కాలంలో ఒకాయన తోమా జీవిత చరిత్రగా చదివి చెప్పాడు. అందరూ నమ్మేశారు. అది పహ్లవీ అని, పర్షియా క్రైస్తవుల చిన్న ప్రార్థన అని తర్వాత పండితులు గుర్తించారు. మాటల అర్థం మీద ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. కొట్టాయం వలియపళ్లిలో ఇలాంటి సిలువలే ఉన్నాయి. కాబట్టి తోమా చేత్తో చెక్కింది కాదు, కొన్ని వందల ఏళ్ల తర్వాతది. కానీ పోర్చుగీసువాళ్లు రాకముందే ఆ కొండమీద ఎవరో మోకరించారని చెప్పడానికి ఈ రాయి చాలు.

సమాధిలో ఆయన శరీరం ఉందా? ఇటలీలో ఉందని విన్నాను.

ఎముకల్ని ఒక వర్తకుడు ఇండియా నుంచి ఎదెస్సాకు తెచ్చాడని 4వ శతాబ్దంలోనే అక్కడి కవి ఎఫ్రేము పాడాడు. 384లో ఎగేరియా అనే స్త్రీ తోమా సమాధి యాత్రకు ఎదెస్సా వెళ్లింది. అక్కడి నుంచి కియోస్ దీవికి, 1258లో ఇటలీలోని ఒర్తోనాకు చేరాయని చెబుతారు. మైలాపూరులో 1523లో పోర్చుగీసువాళ్లు తవ్వినప్పుడు కొన్ని ఎముకలు, ఈటె మొన, మట్టి ఉన్న పాత్ర దొరికాయని రాశారు. సమాధి ఇక్కడ, ఎముకల్లో ఎక్కువ భాగం అక్కడ అన్నది సాధారణంగా చెప్పే మాట. 1964లో మన తపాలా శాఖ తోమా పేరిట వేసిన స్టాంపు మీద ఉన్న బొమ్మ కూడా ఒర్తోనా చర్చిలోని విగ్రహానిదే.

మైలాపూరులో తోమా సమాధి దగ్గరున్న శాంతోమ్ చర్చిని గుడి పడగొట్టి కట్టారంటున్నారు. ఏం చెప్పాలి?

తప్పించుకోకుండా చెప్పాలి. పాత కపాలీశ్వర ఆలయం సముద్రం ఒడ్డున ఉండేదని 15వ శతాబ్దపు అరుణగిరినాథర్ పాటల్లోనే ఉంది. ఇప్పటి ఆలయం లోపలికి ఉంది, పోర్చుగీసువాళ్ల తర్వాత కట్టింది. పాత గుడి రాళ్లు, శాసనపు ముక్కలు శాంతోమ్ దగ్గర దొరికాయి. పోర్చుగీసు కాలంలో ఆ గుడి నాశనమైందని చరిత్రకారులు ఎక్కువమంది ఒప్పుకుంటారు. అదే సమయంలో, వాళ్లు రాకముందే అక్కడ తోమా సమాధి అని యాత్రకు వచ్చేవాళ్లని మార్కో పోలో, 16వ శతాబ్దం తొలినాళ్ల పోర్చుగీసు రచయిత బర్బోసా రాశారు. బర్బోసా కాలంలో ఒక ముస్లిం ఫకీరు దీపం వెలిగించడానికి భిక్షం అడుగుతూ ఆ సమాధిని చూసుకునేవాడు. రెండూ నిజమే కావచ్చు. ఒకటి ఒప్పుకుంటే రెండోది పోదు.

అపొస్తలుడి సమాధి మీద కట్టిన చర్చిలు ప్రపంచంలో మూడే అంటారు, నిజమా?

రోమ్‌లో పేతురు, స్పెయిన్‌లో యాకోబు, చెన్నైలో తోమా అని లెక్క చెబుతారు. నేనూ చాలా ఏళ్లు అలాగే చెప్పాను. తర్వాత తెలుసుకుని ఆ పిల్లలకే మళ్లీ సరిచేసి చెప్పాను. ఇటలీలోని సలెర్నోలో మత్తయి, అమాల్ఫీలో అంద్రెయ సమాధులున్నాయని అక్కడి చర్చిలు చెప్పుకుంటాయి. ఎఫెసు దగ్గర యోహాను సమాధి మీద కట్టిన పెద్ద చర్చి శిథిలాలు ఉన్నాయి. "మూడే" అన్న మాట వదిలేయండి. ఇప్పటి శాంతోమ్ తెల్లని కట్టడం బ్రిటిష్ కాలంలో, 1893 తర్వాత కట్టింది.

## మనకూ తోమాకూ

తెలుగు క్రైస్తవులు తోమా వల్ల వచ్చినవాళ్లేనా?

అలా చెప్పడానికి ఆధారం లేదు. మన దగ్గర సువార్త పని చాలా తర్వాతిది. 18వ శతాబ్దం తొలినాళ్లలో కాథలిక్ గురువులైన జెస్యూట్లు పుంగనూరు ప్రాంతానికి వచ్చారు. 1805లో లండన్ మిషన్ వాళ్లు క్రాన్, డి గ్రాంజ్ విశాఖపట్నంలో పని మొదలుపెట్టారు. 1840లో నెల్లూరుకు శామ్యూల్ డే, 1842లో గుంటూరుకు హేయర్. మన తాతముత్తాతల విశ్వాసం వీళ్ల ద్వారా, అంతకన్నా ఎక్కువగా వీళ్ల వెంట ఊరూరా నడిచిన మన తెలుగు బోధకుల ద్వారా వచ్చింది. వాళ్లలో చాలామంది పేర్లు ఏ శాసనంలోనూ లేవు. మన ఊరి మొదటి విశ్వాసి ఎవరో తెలుసుకోవాలంటే తోమా దాకా పోనక్కర్లేదు, సంఘంలో ముసలివాళ్లను అడిగి రాసి పెట్టుకోండి.

పండుగ జూలై 3నా, డిసెంబర్ 21నా?

కేరళ సిరియన్ సంఘాలు జూలై 3న దుక్రానా, అంటే తోమా జ్ఞాపక పండుగ, చేసుకుంటాయి. రోమన్ కాథలిక్ సంఘం 1969లో డిసెంబర్ 21 నుంచి జూలై 3కి మార్చింది. ఆంగ్లికన్ల పాత ప్రార్థన పుస్తకంలో డిసెంబర్ 21. గ్రీకు ఆర్థడాక్స్ వాళ్లకు అక్టోబర్ 6.

## చెన్నై వెళ్లేవాళ్లకి

చిన్నమలై, సెయింట్ థామస్ మౌంట్, శాంతోమ్ మూడూ ఒక్క రోజులో చూడొచ్చా?

చూడొచ్చు, కంగారు పడకపోతే. సెంట్రల్‌లో దిగితే మెట్రోలో ఎయిర్‌పోర్ట్ వైపు వెళ్లే లైన్ ఎక్కి లిటిల్ మౌంట్ స్టేషన్‌లో దిగండి, చిన్నమలై అక్కడే. తోమా దాక్కున్నాడని చెప్పే గుహ ఉంది. లోపలికి వంగి వెళ్లాలి, పిల్లల్ని ముందు పంపకండి. బండ మీద చెయ్యి ఆనించినట్టున్న గుర్తును ఆయన చేతి ముద్ర అంటారు, అది సంప్రదాయం. తర్వాత సెయింట్ థామస్ మౌంట్‌కు మెట్రో, లోకల్ రైలు రెండూ ఉన్నాయి. మైలాపూరు దగ్గర శాంతోమ్‌ను సాయంత్రానికి పెట్టుకోండి. సమాధి గది నేల కింద ఉంది, దానికి విడిగా దారి ఉంది. అక్కడ మాట్లాడకుండా కూర్చునేవాళ్లుంటారు, ఫోన్లు సైలెంట్‌లో పెట్టండి.

మెట్లు ఎక్కలేని పెద్దవాళ్లు కొండమీదికి ఎలా వెళ్లాలి?

పరంగిమలై పైదాకా బండి వెళ్లే రోడ్డు ఉంది, ఆటో మాట్లాడుకోవచ్చు. ఎక్కగలిగినవాళ్లు మాత్రం మెట్లే ఎక్కండి. అవి 18వ శతాబ్దంలో ఖోజా పెత్రుస్ ఉస్కాన్ అనే ఆర్మేనియా వర్తకుడు సొంత డబ్బుతో కట్టించినవి. సైదాపేట దగ్గర అడయారు మీద ఒకప్పుడున్న పాత వంతెన కూడా ఆయన కట్టించిందే, యాత్రికులు ఏరు దాటి ఈ కొండకు రావాలని. సగం ఎక్కాక వెనక్కి తిరిగి చూస్తే, విమానాశ్రయంలో దిగే విమానాలు కనిపిస్తాయి. మా పిల్లలు అక్కడ కాసేపు ఆగకుండా ఎప్పుడూ పైకి రాలేదు. ఆ టైం కూడా లెక్కలో వేసుకుని బయల్దేరండి.